తాళం వేసినట్టే ఉన్న బీరువా

నేను ఒక తాళంకప్పను. ఈ మాట వినగానే మీలో కొందరి చేయి జేబు మీదికి, మరికొందరి చేయి కొంగు ముడి మీదికి పోయి ఉంటుంది. తాళంచెవి ఉందో లేదో చూసుకున్నారు. మనుషులకు నాతో ఉన్న పరిచయం అంతవరకే. తాళంచెవి చేతిలో ఉన్నంతకాలం నేనున్నానన్న సంగతే వారికి తలపుకు రాదు. అది కనపడని రోజున మాత్రం నన్ను తిట్టని నోరు ఉండదు. పోగొట్టుకునేది వారు, మాట పడేది నేను. ఈ అన్యాయాన్ని నేను ఇంతవరకు క్షమించలేదు. ఇకమీదట క్షమించే ఉద్దేశమూ లేదు.

నేను పుట్టింది అలీగఢ్‌లో, ఎండ పడని ఒక సందులో. నా ఒళ్ళు ఇత్తడి, మెడ దగ్గర వంపు తిరిగిన ఉక్కు కడ్డీ. నన్ను చేసిన ముసలాయన నన్ను చెవి దగ్గర పెట్టుకుని ఒకసారి నొక్కి, ఒకసారి తెరిచి, ఆ చప్పుడు నచ్చక మళ్ళీ ఆకురాయి పట్టాడు. తరువాత తల ఊపాడు. నా జీవితంలో నన్ను శ్రద్ధగా విన్నవాడు ఆయనొక్కడే. ఆ తరువాత వచ్చిన వాళ్ళందరూ నన్ను లాగి చూసిన వాళ్ళు.

పెదకాల్వపూడిలో రైసు మిల్లు యజమాని భార్య సీతారత్నం గారు నన్ను కొని, వంటింట్లోని అద్దాల టేకు బీరువాకు వేసింది. లోపల సున్నుండల డబ్బాలు, జంతికల డబ్బాలు ఉండేవి. తాళంచెవిని ఆవిడ పూజగదిలో దేవుడి పీట కింద దాచేది. దేవుడి కింద పెట్టినదాన్ని పిల్లలు ముట్టుకోరని ఆవిడ నమ్మకం. ఆవిడ పిల్లలకు అంత దైవభక్తి లేదు. డబ్బా అడుగు కనిపించిన రోజున ఆవిడ నన్ను అరచేతిలో తిప్పి చూసి, "ఇదేం తాళమో" అంది. వేసిన తాళం వేసినట్టే ఉండగా లోపలి సున్నుండలు తరిగిపోతే అందులో నా దోషం ఏమిటో నాకు ఈనాటికీ ఎవరూ వివరించలేదు.

ఇంట్లోకి ఇనుప బీరువా వచ్చాక, టేకు బీరువాను ఊరి శాఖా గ్రంథాలయానికి దానం చేశారు. దాని నెత్తిన సీతారత్నం గారి అత్తగారి పేరు పసుపు రంగుతో రాయించారు. బతికి ఉండగా ఆ అత్తగారికి ఆ బీరువాలోంచి ఒక్క సున్నుండ కూడా అందలేదని తెలిసిన సాక్షిని నేను. నన్ను ఎవరూ అడగలేదు.

గ్రంథాలయంలో నా మొదటి యజమాని భీమశంకరం గారు. ఆయన ఆ బీరువాలో పిల్లల పుస్తకాలను, వెలుతురుకు పేర్లు వెలిసిపోకుండా వీపులు లోపలి వైపుకు తిప్పి సర్ది, నన్ను వేసి, తాళంచెవిని జంధ్యానికి కట్టుకున్నారు. నేను ఆయన్ను మనసారా గౌరవించాను. ఏడాదికోసారి పై అధికారులు వచ్చి పుస్తకాలు సరిచూసేవారు. ఒక పుస్తకం కనపడకపోయినా, చినిగినా, సంజాయిషీ ఇచ్చుకోవలసింది గ్రంథపాలకుడే. పుస్తకానికి ప్రమాదం పాఠకుడి వల్లనే వస్తుందని భీమశంకరం గారు చాలా చిన్న వయసులోనే కనిపెట్టారు. అందుచేత పిల్లలెవరైనా వచ్చి పుస్తకం అడిగితే, "పేరు చెప్పు, తీసిస్తాను" అనేవారు. లోపల ఏమున్నాయో చూడని పిల్లవాడు పేరు ఎలా చెబుతాడు? వచ్చిన దారినే వెళ్ళిపోయేవాడు. ఏటేటా తనిఖీకి వచ్చిన అధికారులు ఆ పుస్తకాలను తెరిచి, కొత్త కాగితం వాసన ఇంకా పోలేదని మెచ్చుకునేవారు. ఒక అధికారి ఆయనకు శాలువా కూడా కప్పాడు. ఎవరూ చదవని పుస్తకాలను అంత బాగా కాపాడినందుకు మనిషికి శాలువా ఇచ్చిన లోకంలో, తాళానికి కనీసం కొంత కొబ్బరినూనె వేసి ఉండవలసింది.

ఆయన పదవీ విరమణ చేశాక ప్రసూనాంబ గారు వచ్చారు. సన్నగా, పొడుగ్గా, కళ్ళజోడు ముక్కు చివర పెట్టుకుని, ఎవరినీ తొందరగా నమ్మని చూపుతో ఉండేవారు. వచ్చిన మొదటి ఉదయమే నన్ను తీసి సొరుగులో పడేశారు. బీరువా తలుపులు బార్లా తెరిపించి, పుస్తకాలన్నీ బల్ల మీద పేర్పించారు. తరువాత వాటిని ఒక్కొక్కటిగా చదవడం మొదలుపెట్టారు. పిల్లల పుస్తకాలను మొదటి పేజీ నుంచి చివరి పేజీ వరకు చదివిన పెద్ద మనిషిని నేను అంతకుముందు చూడలేదు. ఆ పుస్తకాలు కొనేవాళ్ళు, బహుమతులిచ్చేవాళ్ళు, పాఠశాలలకు పంచేవాళ్ళు, అందరూ అట్ట చూసి తృప్తి పడేవాళ్ళే.

ఆమె చదువుతూ ఉంటే అటెండరు నూకరాజు దుమ్ము దులిపేవాడు. ఆమెకు ఏదైనా చెప్పాలనిపిస్తే అతనికే చెప్పేవారు.

"నూకరాజూ, ఈ వరసంతా మహనీయుల బాల్యాలు. వీళ్ళలో చిన్నప్పుడు జామకాయ దొంగిలించినవాడు ఒక్కడైనా ఉన్నాడేమో చూడు."

"లేడండి. అందరూ ఈదిలైటు కింద చదువుకున్నోళ్ళేనండి."

"మరి జామకాయలు దొంగిలించిన వాళ్ళంతా ఏమయ్యారు?"

"నాలాగ అటెండర్లయ్యారండి."

ఆమె నవ్వలేదు. నవ్వడం ఆమెకు రాదని చాలామంది అనుకునేవారు. సొరుగు సందులోంచి చూసే నాకు ఆమె కళ్ళజోడు సర్దుకునే తీరు తెలుసు. ఆమె నవ్వు అక్కడ ఉండేది.

ఆమె కోపం మాత్రం దాగేది కాదు. ప్రతి కథ చివరా గీతల పెట్టె గీసి, అందులో 'నీతి' అని లావు అక్షరాలతో వేసిన పుస్తకాలను ఆమె విడిగా ఒక దొంతర పెట్టారు. "పాయసం తాగిన పిల్లవాడి మూతి పట్టుకుని, నువ్వు తాగింది పాయసం సుమా అని చెప్పడం ఎందుకు? వాడికి తెలియకనా?" అన్నారు. మంచు కురిసే ఊళ్ళ బొమ్మలున్న నున్నటి పుస్తకాలు ఇంకో దొంతర. మాఘమాసంలో కూడా ఫంకా వేసుకునే ఈ ఊరి పిల్లలకు మంచు మనిషికి ముక్కు ఎలా పెట్టాలో అవి ఓపికగా నేర్పుతున్నాయి. అన్నిటికంటే చిన్న దొంతర పన్నెండేళ్ళు దాటిన పిల్లలది. దాన్ని చూసినప్పుడు ఆమె గొంతు చల్లబడింది. "నూకరాజూ, కాకీ నక్కా మాట్లాడుకునే పుస్తకం ఒక పక్క, పోటీ పరీక్షల గైడు ఇంకో పక్క. ఈ రెంటికీ మధ్య పిల్లలు ఏం చదవాలయ్యా? గోడలా? మీసం మొలిచే పిల్లాడికీ, అమ్మతో మాట పట్టింపు వచ్చిన పిల్లకీ చెప్పవలసిన కథ ఏదీ లేదని ఎవరు తేల్చారు?"

ఆ చిన్న దొంతరలో ఆమెకు బాగా నచ్చింది ఒక పడవ కథ. కాలువ మీద వంతెన కట్టాక రేవు మూతపడుతుంది. పడవ నడిపే తండ్రి దాన్ని కట్టెలకు అమ్మేద్దామంటాడు. పదిహేనేళ్ళ కూతురు చుట్టాలింటికి వెళ్తున్నానని తండ్రికి అబద్ధం చెప్పి, తెల్లవారకముందే పడవ కట్టు విప్పుకుని దిగువకు పోతుంది. ప్రసూనాంబ గారు ఆ పుస్తకం ఒక మధ్యాహ్నం మొదలుపెట్టి, చుట్టూ ఉన్నవారిని మరిచిపోయి పూర్తి చేశారు. అన్ని పుస్తకాలతో పాటు దాన్నీ తెరిచిన బీరువాలో, పిల్లల చేతికందే వరసలో పెట్టారు.

పిల్లలు మొదటి వారం గుంపుగా వచ్చారు. రెండో వారం తల్లిదండ్రులు వచ్చి, పిల్లల చేతిలోని పుస్తకాలు తీసి లోపల పెట్టి, జనరల్ నాలెడ్జి పుస్తకాలు చేతికిచ్చారు. మూడో వారానికి పిల్లలు రావడం మానేశారు. తలుపులు తెరిచి ఉన్న బీరువా ముందు ఈగలు తిరిగాయి. సొరుగులో పడి ఉన్న నాకు ఆ దృశ్యం కొంత సంతోషం కలిగించిందన్న నిజాన్ని దాచను.

అప్పుడు బట్టల కొట్టు రాఘవులు గారు పడవ కథ పట్టుకుని వచ్చారు.

"ఏవండీ మేడమ్ గారూ, ఈ పుస్తకం మా వాడికి మీరే ఇచ్చారా?"

"మీ వాడు తీసుకున్నాడు. నేను రాసుకున్నాను."

"సగంలో లాక్కున్నానండి వాడి చేతిలోంచి. ఇందులో పిల్ల వాళ్ళ నాన్నకి అబద్ధం చెప్పి పడవేసుకుని పోద్దండి. నేనూ తిప్పి చూశాను. ఎక్కడా దానికేం అవ్వలేదు. కనీసం జొరం కూడా రాలేదు."

"జ్వరం రావాలంటారా?"

"ఏదో ఒకటి రావాలి కదండీ. లేపోతే పిల్లలేం నేర్చుకుంటారు?"

"మీ అబ్బాయి ఏం నేర్చుకున్నాడు?"

"నన్నడిగాడండి, నాన్నా నువ్వెప్పుడైనా తాతకి అబద్ధం చెప్పావా అని."

"మీరేమన్నారు?"

"ఎప్పుడూ చెప్పలేదన్నాను."

"అది నిజమేనా?"

రాఘవులు గారు భుజం మీది తువ్వాలు సర్దుకుని, "తాళం వేసేయండి మేడమ్ గారూ, పుణ్యముంటది" అన్నారు. మరునాడు ఆయన ఇంకో నలుగురు తండ్రులను వెంటబెట్టుకుని వచ్చి అదే మాట చెప్పారు. ప్రసూనాంబ గారు వారితో వాదించలేదు. నీతుల పుస్తకాలు, మంచు పుస్తకాలు బయట అరలో పెట్టారు. పెద్ద పిల్లల కథలను, వాటితో పాటు తనకు నచ్చిన చిన్న పిల్లల కథలను బీరువాలో పెట్టి, సొరుగులోంచి నన్ను తీసి, నలుగురూ చూస్తుండగా 'టక్' మని నొక్కారు. "ఈ బీరువా జోలికి పిల్లలెవరూ రాకూడదు" అని గట్టిగా చెప్పారు. ధర్మం గెలిచిందని నేను సంతోషించాను.

సాయంత్రానికి బీరువా ముందు పిల్లలు చేరారు. తెరిచిన బీరువాలో చేతికందేలా ఉన్నప్పుడు మూడు వారాలకే ఆ పుస్తకాలను వదిలేసిన పిల్లలు, ఇప్పుడు అద్దానికి ముక్కులు ఆనించి వాటి వీపుల మీది అక్షరాలు కూడబలుక్కున్నారు. వారిలో ముందున్నది సుహాసిని. తొమ్మిదో తరగతి, తల్లి బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. ఆమె పక్కన సైకిలు షాపు వాళ్ళబ్బాయి షరీఫ్, ఏడో తరగతి.

"మేడమ్ గారూ, వీటికెందుకు తాళమేశారండి?" అని సుహాసిని అడిగింది.

"మీ వయసుకు తగినవి కావట."

"మీరు చదివారా అండి?"

"చదివాను."

"చదివితే మీకేమన్నా అయ్యిందా అండి?"

"అయింది" అన్నారు ప్రసూనాంబ గారు. ఏమైందో చెప్పలేదు.

ఆ పిల్ల మళ్ళీ అద్దానికి ముక్కు ఆనించింది. ప్రసూనాంబ గారు కళ్ళజోడు సర్దుకున్నారు. మరునాడు మధ్యాహ్నం, పిల్లలు బడి నుంచి వచ్చే ముందు, ఆమె నన్ను తాళంచెవితో తెరిచి, గొళ్ళేనికి తగిలించి, కడ్డీని రంధ్రానికి ఆనించి, నొక్కకుండా వదిలేశారు. దూరం నుంచి చూసేవాళ్ళకు తాళం వేసినట్టే ఉంటుంది.

ఏడు లివర్లున్న తాళాన్ని నోరు కట్టేసి, వేలాడే బొమ్మగా నిలబెట్టడం ఎంత అవమానమో మీకు అర్థం కాదు. తలుపులకు కట్టిన మామిడాకులకైనా ఒక పని ఉంది. నేను ఆ క్షణం నుంచి ఒక అబద్ధాన్ని. అబద్ధం ఆడిన పిల్లకు జ్వరం రాలేదని ఊరంతా బాధపడింది గాని, అబద్ధంగా మారిన తాళాన్ని గురించి ఎవరూ కన్నీరు పెట్టలేదు.

పిల్లలకు ఆ రహస్యం వెంటనే తెలిసిపోయింది. ప్రసూనాంబ గారు వార్తాపత్రికల గదికి వెళ్ళగానే ఒకడు గుమ్మంలో నిలబడి కాపలా కాసేవాడు. సుహాసిని నన్ను గొళ్ళెం నుంచి తప్పించి, కిందపడకుండా పావడా కుచ్చిళ్ళలో పెట్టుకునేది. బల్ల కింద గుండ్రంగా కూర్చుని ఒకరు చదువుతుంటే మిగిలినవాళ్ళు వినేవారు. వర్ణన వస్తే "అది వదిలెయ్యి" అనేవారు. ఎవరైనా ఏడ్చే చోట మళ్ళీ చదివించుకునేవారు. కథలో ఎవరైనా హితబోధ మొదలుపెడితే షరీఫ్ బల్ల కింద గురక పెట్టేవాడు. ప్రసూనాంబ గారు తిరిగి వచ్చేటప్పుడు గుమ్మానికి చాలా దూరం నుంచే చెప్పులు ఈడ్చేవారు, దగ్గేవారు. ఆలోగా పుస్తకాలు లోపలికి, నేను గొళ్ళేనికి చేరేవాళ్ళం. పై అధికారి కుర్చీ ఖాళీగా ఉండడంతో తనిఖీకి ఎవరూ రాలేదు, ఇలా రెండేళ్ళు జరిగింది.

ఆ రెండేళ్ళలో పుస్తకాల సంగతి చెప్పాలంటే నాకే సిగ్గుగా ఉంటుంది. మిరపకాయ బజ్జీల నూనె మరకలు, మడిచిన మూలలు, జామెట్రీ బాక్సు కింద నలిగిన అట్టలు. రాఘవులు గారు లాక్కున్న రోజే కుట్టు వదిలిన పడవ కథ చివరి పేజీలు, పిల్లలు అక్కడిదాకా చదవకముందే, కాలువ గాలికి కిటికీలోంచి ఎటో పోయాయి. భీమశంకరం గారు చూసి ఉంటే మంచం పట్టి ఉండేవారు.

ఇదంతా ఇలా సాగుతుండగా జిల్లా నుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. పోటీ పరీక్షలకు చదివే యువకులు వరండాలో చాపలు వేసుకుని కూర్చుంటున్నారు, వారికి బల్లలు వేయడానికి చోటు కావాలి. కనుక పాఠకులు లేని విభాగాన్ని ఎత్తివేసి, ఆ పుస్తకాలను వేరే ఊరికి పంపాలి. యువకుల కోరికలో తప్పు లేదు. వానాకాలం వారి నోట్సు తడవడం నేనూ చూశాను. తప్పంతా లెక్కలో ఉంది. రెండేళ్ళుగా పిల్లల విభాగం నుంచి ఒక్కరు కూడా పుస్తకం తీసుకున్నట్టు ఎక్కడా లేదు. దొంగతనంగా చదివేవాళ్ళు సంతకం పెట్టి చదవరు కదా. ప్రసూనాంబ గారి తెలివి అంత బాగా పనిచేసింది: ఊరి పిల్లలంతా చదివారు, కాగితాల ప్రకారం ఎవరూ చదవలేదు.

తనిఖీకి కోదండపాణి గారనే అధికారి వస్తున్నారని తెలిసిన రోజున ప్రసూనాంబ గారు బీరువా ముందు నిలబడి లెక్క వేసుకున్నారు. పుస్తకాలు బాగున్నాయంటే ఎవరూ చదవలేదని పంపించేస్తారు. పిల్లలు చదివారని చెప్పి చూపిస్తే, చినిగిన ప్రజల సొత్తుకు ఆమె సంజాయిషీ ఇవ్వాలి. పదవీ విరమణ ఆ ఏడాదే.

"నాలుగు పేర్లు రాసేయండి మేడమ్ గారూ. పిల్లలు తీసుకున్నారని" అన్నాడు నూకరాజు.

"చదివిన పిల్లలు ఉండగా లేని పిల్లల పేర్లు రాయమంటావా? నేను రాయను."

నూకరాజుకు ఆమె మీద గౌరవం ఎక్కువ. ఆ గౌరవంతోనే, తనిఖీ ముందు సాయంత్రం తాళాలన్నీ సరిచూసుకుంటూ వచ్చి, నేను సరిగా పడలేదని గమనించి, ఆమెకు మాట రాకూడదని, నన్ను బొటనవేలితో గట్టిగా నొక్కేశాడు. 'టక్.' రెండేళ్ళ తరువాత నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట అది.

మరునాడు కోదండపాణి గారు వచ్చారు. బట్టతల, ఇస్త్రీ మడత చెదరని చొక్కా, మాట తక్కువ. "తెరవండి" అన్నారు. ప్రసూనాంబ గారు నన్ను తాకి ఆగిపోయారు. తాళంచెవి తెచ్చి పెట్టారు. తిప్పారు. కాలువ తేమకు నా లోపల తుప్పు పట్టింది. నొక్కితే పడే తాళం తిప్పితే తెరుచుకోలేదు. నేను ప్రయత్నించాను. ఈ విషయంలో నా మాట నమ్మండి. నా వృత్తి మూయడమే అయినా, ఆ ఒక్కరోజు తెరుచుకోవాలని నాకు నిజంగా అనిపించింది. తాళంచెవి సగం తిరిగి ఆగింది.

"నేనే నొక్కేశానండి, సారొత్తారని" అని నూకరాజు గొణిగాడు.

కోదండపాణి గారు ఆ మాట పట్టించుకోలేదు. నన్ను వేలితో తట్టి, రాలిన తుప్పు చూపించి, "ఇంకేం కావాలండీ? ఈ తాళం తీసి ఎన్నాళ్ళయిందో ఇదే చెబుతోంది. ఈ పుస్తకాలు ఎవరూ చదవలేదు. రాసేస్తున్నాను" అన్నారు. ప్రసూనాంబ గారు నోరు తెరిచేలోగా గుమ్మం దగ్గర నుంచి, "చదివామండి" అన్న గొంతు వినిపించింది. సుహాసిని. వెనకాల షరీఫ్, ఇంకా నలుగురైదుగురు.

"ఏం చదివావు?"

"అన్నీనండి. పడవ కథయితే చాలాసార్లు."

"ఏముంది అందులో?"

"ఒకమ్మాయి వాళ్ళ నాన్న పడవ అమ్మేస్తానంటే విప్పుకుని పోద్దండి. సముద్రం దాకా పోయి, అక్కడే ఉండిపోద్ది."

"ఎక్కడుండిపోయింది నీ మొహం" అన్నాడు షరీఫ్. "వెనక్కొచ్చేస్తది. వాళ్ళ నాన్న వంతెన మీద నిలబడి చూస్తుంటాడు కదా."

"చూస్తుంటే? చూసినంత మాత్రాన వచ్చెయ్యాలా?"

"మరి ఆయనకి అన్నమెవరు పెడతారు?"

"ఆయనకి చేతుల్లేవా?"

"సార్, ఇది ఎప్పుడూ ఇంతేనండి. కథలో లేనివన్నీ కలుపుద్ది."

"లేకపోవడానికి ఉన్నాయా అసలు ఆ పేజీలు? పోయినాయి కదా. నువ్వు చెప్పేదీ కలిపిందే."

కోదండపాణి గారు వారిద్దరినీ మార్చి మార్చి చూశారు. పెన్ను క్యాపు తీసి పట్టుకున్నది అలాగే ఉంది. "ఉండండమ్మా. ఆ పుస్తకం ఎక్కడుంది?"

"లోపలండి."

"బీరువాకి తాళం వేసి ఉంది కదా?"

సుహాసిని షరీఫ్‌ను మోచేత్తో పొడిచింది. చివరికి షరీఫ్ అన్నాడు: "ఉత్తుత్తిగా అండి. నొక్కకుండా పెట్టేవారు మేడమ్ గారు."

"ఆవిడ చెప్పారా మీకు?"

"చెప్పక్కర్లేదండి" అంది సుహాసిని. "మొదటి రోజే తెలిసిపోయింది. పేపర్ల గదికి వెళ్తూ తాళం వంక వెనక్కి తిరిగి తిరిగి చూశారు."

"తెలిస్తే మరి, అడిగి తీసుకుని దర్జాగా చదువుకోవచ్చు కదా. బల్ల కింద దాక్కోవడం దేనికి?"

ఆ పిల్ల తల దించుకుని, ప్రసూనాంబ గారికి వినపడకూడదన్నట్టు గొంతు తగ్గించి, అందరికీ వినపడేలా చెప్పింది: "ఆవిడకి సరదా అండి, మేం దొంగతనంగా చదివితే. దూరం నుంచి చెప్పులీడ్చుకుంటా, దగ్గుకుంటా వచ్చేవారు పాపం. ఆవిడ అంత కష్టపడతంటే, మేం దాక్కోకపోతే బాగోదు కదండీ."

ప్రసూనాంబ గారు కళ్ళజోడు తీశారు. తుడిచారు. మళ్ళీ పెట్టుకోవడం మరిచిపోయి చేతిలోనే పట్టుకున్నారు. పిల్లలను మోసం చేస్తున్నానని రెండేళ్ళుగా లోలోపల మురిసిన మనిషి ఆమె. ఆమెను మోసం చేయడం పిల్లలు మర్యాదగా భావించారు. పెద్దలూ పిన్నలూ ఒకరి కోసం ఒకరు ఆడిన ఆ నాటకంలో, నిజంగా దొంగతనం జరుగుతోందని నమ్మి మండిపడినది నేనొక్కదాన్నే.

షరీఫ్ పరుగెత్తి సైకిలు షాపు నుంచి హాక్సా బ్లేడు తెచ్చాడు. నూకరాజు నా మెడ కోశాడు. నొప్పి గురించి వివరించను. వివరించడం నా స్వభావం కాదు. తలుపులు తెరుచుకోగానే కోదండపాణి గారి ముఖం మారింది. ఒక పుస్తకం తీస్తే అట్ట ఒక చేతిలో, పేజీలు ఒక చేతిలో వచ్చాయి. ఇంకోదాన్ని వాసన చూశారు.

"బజ్జీలా?"

"అవునండి" అన్నాడు షరీఫ్. "శనివారాలు పునుగులు."

"ఇది ధ్వంసమండీ ప్రసూనాంబ గారూ."

"చదవడమండీ" అన్నారు ఆమె. "రెండూ చూడడానికి ఒకలాగే ఉంటాయి."

"నేను రాయక తప్పదు."

"రాయండి. ఉన్నది ఉన్నట్టు రాయండి. నా మీద రాయండి, పిల్లల మీద రాయకండి."

ఆయన కూర్చుని రాశారు. సగంలో ఆగి, పెన్నుతో బల్ల మీద కొట్టుకుంటూ ఆలోచనలో పడ్డారు. "చిక్కొచ్చింది. పాడైన పుస్తకాల్ని వేరే శాఖకు పంపడానికి నిబంధన ఒప్పుకోదు. ముందు వాటిని రద్దు చేయించాలి. రద్దుకు కమిటీ వేయాలి. కమిటీకి పైనుంచి అనుమతి రావాలి."

"వచ్చేదాకా?"

"ఎక్కడున్నవి అక్కడే ఉండాలి. విభాగం కూడా."

"ఎన్నాళ్ళు పడుతుందండీ?"

"నా సర్వీసులో ఒక్కసారి వచ్చింది" అన్నారు కోదండపాణి గారు. ఆయన గొంతులో పరిహాసం ఉందేమో అని నేను జాగ్రత్తగా విన్నాను. లేదు.

ప్రసూనాంబ గారికి తాఖీదు వచ్చింది. ప్రజల సొత్తు కాపాడడంలో అశ్రద్ధ అని అందులో ఉంది. భీమశంకరం గారికి శాలువా వచ్చిన చోటనే ఆమెకు మందలింపు వచ్చింది. ఆమె ఒక్క వాక్యంలో సంజాయిషీ రాసి పంపారు: "పుస్తకాలు పాఠకులు చదివినందువల్ల పాడైనవి." యువకుల కోసం తన గదిని ఖాళీ చేసి, తన బల్లను గుమ్మం పక్కకు జరిపించుకున్నారు. బీరువాకు కొత్త తాళం కొనలేదు. పిల్లలు ఇప్పుడు అందరి ఎదుటా తీసి చదువుకుంటున్నారు. ఒకరిద్దరు రావడం మానేశారు. వాళ్ళకు నచ్చింది దాక్కోవడమేనేమో. మిగిలినవాళ్ళు చదువుతారు. ఎవరైనా బజ్జీలు తెస్తే ప్రసూనాంబ గారు పాత దినపత్రిక చింపి ఇస్తారు, చేతులు తుడుచుకోవడానికి.

మెడ తెగిన నన్ను ఆమె పారేయలేదు. ఫంకా గాలికి దినపత్రికలు ఎగిరిపోకుండా వాటి మీద పెట్టారు. తాళంగా నాకు ఇక పని లేదు, బరువుగా ఉంది. మునుపటి కంటే ఇక్కడ మాటలు బాగా వినిపిస్తాయి.

తనిఖీ జరిగిన నెలకు కోదండపాణి గారు ఫోను చేశారు. ఆయన గొంతు పెద్దది. నాకు ప్రతి మాటా వినిపించింది. రద్దు గురించి కొంచెం, అనుమతి గురించి కొంచెం మాట్లాడి, ఆగి, అన్నారు: "ఆ పడవ అమ్మాయి తిరిగి రాకూడదండీ ప్రసూనాంబ గారూ. నేను ఆలోచించాను. వస్తే ఇక మళ్ళీ వెళ్ళలేదు."

"మీ అభిప్రాయం పిల్లలకు చెబుతాను. షరీఫ్ ఒప్పుకోడు."

"మీరు పుస్తకం మొత్తం చదివారు కదా. అసలు చివర్లో ఏముంది?"

"నాకు తెలుసు" అన్నారు ప్రసూనాంబ గారు. "చెప్పను." ఫోను పెట్టేశారు.

కోదండపాణి గారి సంగతి ఏమో గాని, నా సంగతి చెబుతాను. ఆ బీరువాను అన్నేళ్ళు కాపాడాను. లోపల ఉన్నది ఎవరికీ దక్కకుండా కాపాడానని గర్వపడ్డాను. లోపల ఏముందో తెలుసుకోవాలని నాకు ఒక్కనాడూ తోచలేదు. ఇప్పుడు సాయంత్రాలు, పిల్లలు పడవ కథ తీసి, చినిగిన చోటికి వచ్చి, ఎప్పటిలాగే పోట్లాట మొదలుపెట్టినప్పుడు, దినపత్రికల మీద కదలకుండా పడి ఉండి, నేను వింటాను. సుహాసిని చెప్పేదే సరి అని ఒక రోజు అనిపిస్తుంది, షరీఫ్ చెప్పేదని మరో రోజు. ఆ పిల్ల పడవ ఎటు పోయిందో ఎవరికైనా తెలిస్తే, నాకు చెవి దగ్గర చెప్పండి. ఎవరికీ చెప్పను. నోరు మూసుకుని ఉండడంలో నాకు అనుభవం ఉంది.